తప్పు ఎక్కడుందో వెతికిన మనిషి: గ్రేస్ హాపర్

ప్రోగ్రాము రాయటం ఒక ఎత్తు, రాసినదానిలో తప్పు ఎక్కడుందో పట్టుకోవటం మరొక ఎత్తు. కంప్యూటర్ సైన్సు తీసుకున్న ప్రతి విద్యార్థికీ మొదటి నెలలోనే ఈ సంగతి తెలిసిపోతుంది. అరగంటలో రాసిన ప్రోగ్రాము మూడు రోజులు నిద్ర లేకుండా చేస్తుంది. తీరా చూస్తే ఎక్కడో ఒక అక్షరం తేడా, ఎక్కడో ఒక అంకె తేడా. మనలో చాలామంది ఆ తప్పును పక్కవాడికి కనపడనివ్వరు. లెక్చరరు గారు దగ్గరకు వచ్చేలోగా తెర మార్చేస్తారు. పల్లెటూరి బడి నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్ళకు ఈ భయం మరీ ఎక్కువ.

తప్పు ఎవరిది అని అడగటం మాని, తప్పు ఎక్కడుంది, ఎందుకు వచ్చింది, మళ్ళీ రాకుండా ఏం చెయ్యాలి అని అడిగిన మహామేధావి ఒకరు ఉన్నారు. ఈ రోజు మనం కంపైలరు, లింకరు అని తేలిగ్గా పిలిచే సాధనాలకు మొదటి బాట వేసిన వారిలో ఆమె ముందు వరుసలో ఉంటారు. ఆమె గ్రేస్ హాపర్. లెక్కల ప్రొఫెసరుగా జీవితం మొదలుపెట్టి అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్ హోదాతో పదవీ విరమణ చేసిన ఆమె జీవితం మన విద్యార్థులు తెలుసుకోదగ్గది.

గ్రేస్ 1906 డిసెంబరు 9న న్యూయార్కు నగరంలో పుట్టారు. పుట్టింటి పేరు మర్రే. ముగ్గురు పిల్లల్లో ఆమే పెద్ద. తండ్రి ఇన్సూరెన్సు వ్యాపారి. తల్లికి లెక్కలంటే ఎంతో ఇష్టం, కాని ఆ కాలపు ఆడపిల్లలకు దొరికిన చదువు కొద్దిపాటిదే. తాతగారు సర్వే ఇంజనీరు. ఆయన వీధులు కొలవటానికి వెళితే చిన్నారి గ్రేస్ సర్వే కర్ర పట్టుకుని వెంట నడిచేది. తండ్రికి రక్తనాళాల జబ్బు వల్ల రెండు కాళ్ళూ తీసెయ్యవలసి వచ్చింది. తన తర్వాత పిల్లలు ఎలా బతుకుతారో అన్న దిగులు ఆయనది. అందుకని కొడుకుతో సమానంగా కూతుళ్ళిద్దరూ చదువుకోవాలని పట్టుబట్టారు.

ఆమె ఏడేళ్ళ వయసులో జరిగిన ఒక సంగతి ఉంది. వేసవి విడిదిలో ఏడు గదులు, గదికొక అలారం గడియారం. లోపల ఏముందో చూద్దామని గ్రేస్ ఒక గడియారం విప్పింది. విప్పింది గాని మళ్ళీ బిగించటం రాలేదు. అది ఎలా ఉండేదో చూడటానికి రెండోది విప్పింది. అలా తల్లి చూసేసరికి ఏడు గడియారాలూ ముక్కలై ఉన్నాయి. తల్లి కొట్టలేదు. ఇక మీదట ఒక్క గడియారం మాత్రమే విప్పుకోవచ్చని హద్దు పెట్టింది. పిల్ల కుతూహలం బతికింది, ఆరు గడియారాలు కూడా బతికాయి.

చదువులో ఆమెకు మొదట్లోనే దెబ్బ తగిలింది. లాటిన్ మార్కులు చాలక వస్సార్ కాలేజీలో పదహారో ఏట సీటు రాలేదు. ఒక ఏడాది ఆగి మళ్ళీ ప్రయత్నించి చేరారు. 1928లో గణితం, భౌతికశాస్త్రాలతో డిగ్రీ, 1930లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., 1934లో అక్కడే గణితంలో డాక్టరేటు. 1930లోనే విన్సెంట్ హాపర్ అనే సాహిత్య అధ్యాపకుణ్ణి పెళ్ళి చేసుకున్నారు. 1945లో వాళ్ళు విడిపోయినా ఇంటిపేరు మాత్రం ఆమెకు నిలిచిపోయింది. 1931 నుంచి వస్సార్‌లోనే లెక్కలు చెప్పారు. లెక్కల క్లాసులో వ్యాసాలు రాయించి, భాష బాగా లేకపోతే మార్కులు తగ్గించేవారట. తెలిసినదాన్ని ఎదుటివాడికి అర్థమయ్యేలా రాయలేకపోతే ఆ లెక్క నేర్చుకుని లాభం లేదని ఆమె అభిప్రాయం.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అమెరికా యుద్ధంలోకి దిగింది. ఆమె నౌకాదళంలో చేరతానన్నారు. వయసు ఎక్కువన్నారు, బరువు ఉండవలసినదాని కంటే ఆరేడు కిలోలు తక్కువన్నారు, లెక్కల పంతులమ్మగా ఉండటమే దేశానికి మేలన్నారు. ఆమె వదలలేదు. బరువు విషయంలో మినహాయింపు సంపాదించి 1943 డిసెంబరులో చేరారు. శిక్షణలో తన బ్యాచికంతటికీ మొదటి స్థానంలో నిలిచారు. 1944 జులైలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్న నౌకాదళపు లెక్కల విభాగానికి పంపారు. అక్కడ ఆమె కోసం ఎదురు చూస్తున్నది ఒక యంత్రం.

ఆ యంత్రం పేరు మార్క్-1. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు దాదాపు 5 టన్నులు. లోపల ఏడు లక్షలకు పైగా భాగాలు, 500 మైళ్ళ తీగ. ఇంత ఆర్భాటం చేసి అది సెకనుకు మూడు కూడికలు చేసేది. దానికి ఆజ్ఞలు ఇవ్వాలంటే కాగితపు టేపు మీద చిల్లులు పొడవాలి. ఒక్కో వరుసలో 24 చిల్లులకు చోటు. ఫలానా చోటి నుంచి అంకె తియ్యి, ఫలానా చోట పెట్టు, ఆ మీదట ఫలానా పని చెయ్యి అని ఒక్కో వరుస చెబుతుంది. అధిపతి హోవర్డ్ ఐకెన్ కఠినమైన మనిషి. రాత్రింబగళ్ళు యంత్రం నడవాలి, లెక్కలు రావాలి. ఫిరంగి గుండ్ల పట్టికల దగ్గర నుంచి, 1944లో జాన్ వాన్ నాయ్‌మన్ తెచ్చిన అణుబాంబు తాలూకు లెక్క దాకా ఆ యంత్రం మీదనే చేశారు.

తప్పు వెతకటం అనే విద్య ఆమెకు ఇక్కడ అబ్బింది. లెక్క తప్పు వచ్చిందంటే తప్పు మూడు చోట్ల ఉండవచ్చు. గణిత పద్ధతిలో ఉండవచ్చు, టేపు మీద చిల్లులో ఉండవచ్చు, యంత్రంలో ఏ రిలేనో అతుక్కోకపోయి ఉండవచ్చు. ఏది ముందు చూడాలో క్రమం లేకపోతే రోజులు గడిచిపోతాయి. మా వైపు చివరి మడికి నీళ్ళు అందకపోతే రైతు కాలువ మొదటి నుంచి గట్టు వెంబడి నడుస్తాడు. ఎంతవరకు నీళ్ళు బాగా వస్తున్నాయి, ఎక్కడి నుంచి తగ్గాయి అని చూసుకుంటూ పోయి ఎలుక బొక్క పట్టుకుంటాడు. చివరి మడిలో నిలబడి ఎంత తవ్వినా లాభం లేదు. మార్క్-1 దగ్గర వాళ్ళు చేసినదీ ఇంచుమించు ఇదే. చేత్తో కట్టిన లెక్కతో పోల్చి, ఎంతవరకు సరిగ్గా ఉంది, ఎక్కడ తేడా మొదలైంది అని చూసుకునేవారు. టేపులో తప్పు చిల్లు ఉంటే దాని మీద చిన్న కాగితం ముక్క అతికించేవారు. ఈనాడు సాఫ్టువేరు లోపాన్ని సరిచేసే ముక్కను ప్యాచ్ అంటున్నాం. ఆ రోజుల్లో అది నిజంగానే ఒక అతుకు.

ఐకెన్ ఆమెకు మరొక పని అప్పజెప్పాడు. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో ఒక పుస్తకం రాయమన్నాడు. తాను పుస్తకాలు రాసే మనిషిని కానని ఆమె అంటే, నౌకాదళంలో ఆజ్ఞ ఆజ్ఞే అన్నాడు. ఆ విధంగా 1946లో 561 పేజీల గ్రంథం వెలువడింది. ఏ తీగ ఎక్కడికి పోతుందో, ఏ ఆజ్ఞకు యంత్రం ఏం చేస్తుందో అందులో ఉంది. రాసిపెట్టని యంత్రంలో తప్పు వెతకటం చీకట్లో సూది వెతకటం వంటిదని ఈ అనుభవం ఆమెకు నేర్పింది.

ఇక ఆ పురుగు కథ. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో మార్క్-2 అనే తర్వాతి యంత్రాన్ని పరీక్షిస్తుండగా అది మొరాయించింది. వెతగ్గా వెతగ్గా ఒక రిలే మధ్యలో రెక్కల పురుగు, మనం దీపం పురుగు అంటామే అలాంటిది, ఇరుక్కుని కనిపించింది. దాన్ని బయటికి తీసి లాగు పుస్తకంలో టేపుతో అతికించి, ఏ ప్యానెలులో, ఏ రిలేలో, ఏ సమయానికి దొరికిందో రాసిపెట్టారు. ఆ పుస్తకం, ఆ పురుగు ఇప్పటికీ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. బోరు మోటారు స్టార్టరు డబ్బాలో బల్లి పడి మోటారు ఎత్తుకోకపోవటం మన రైతులకు కొత్త కాదు. స్టార్టరులో ఉండేదీ ఒక రకం రిలేయే.

లోపం అన్న అర్థంలో బగ్ అనే మాట ఈ సంఘటనతోనే పుట్టిందనీ, ఆ పురుగును హాపరే పట్టారనీ చాలాచోట్ల చెబుతారు. రెండూ సరి కావు. యంత్రాల్లో లోపాన్ని బగ్ అనటం 1870ల నాటికే, అంటే ఎడిసన్ కాలానికే ఉంది. పురుగును పట్టింది ఆమె తోటివారు. ఆ కథను ఊరూరా చెప్పి లోకానికి తెలియజేసింది మాత్రం ఆమె. పురుగు దొరకటంలో వింత కొంచెమే ఉంది. దొరికినదాన్ని పారెయ్యకుండా తారీకు, సమయం, చోటుతో సహా పుస్తకంలోకి ఎక్కించారు చూడండి, నేర్చుకోవలసిన సంగతి అది.

యుద్ధం అయిపోయింది. హార్వర్డ్‌లో ఆమెకు దొరికింది తాత్కాలిక పదవే. అది 1949తో ముగిసింది, శాశ్వత పదవి రాలేదు. యుద్ధకాలపు శ్రమ, ఒంటరితనం, భవిష్యత్తు మీద బెంగ కలిసి ఆమెను మద్యం వైపు లాగాయి. మిత్రులు గట్టిగా హెచ్చరించవలసి వచ్చింది. గొప్పవాళ్ళ జీవితాల్లో ఇటువంటి పేజీలు దాచిపెట్టటం మన అలవాటు. కాని ఆ గోతిలో నుంచి పైకి వచ్చి చేసిన పనే ఆమెను చరిత్రలో నిలబెట్టింది.

1949లో ఆమె ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంపెనీలో చేరారు. యూనివాక్ అనే కంప్యూటరును తయారు చేస్తున్న కంపెనీ అది. మరుసటి ఏడాది రెమింగ్టన్ రాండ్ సంస్థ దాన్ని కొనేసింది. అక్కడ మొదట పనిచేసిన యంత్రానికి పది అంకెల లెక్క పనికిరాదు, ఎనిమిది అంకెల పద్ధతిలో చెప్పాలి. ఆ పద్ధతిలో 10 లోంచి 3 తీసేస్తే 7 రాదు, 5 వస్తుంది. ఆమె దాన్ని ఎంత బాగా వంటబట్టించుకున్నారంటే, నెల చివర బ్యాంకు లెక్క ఎంతకీ కుదరలేదు. బ్యాంకరు అయిన తమ్ముడు కొన్ని రాత్రులు కూర్చుని చూస్తే, అక్కయ్య అక్కడక్కడా ఎనిమిదింటి పద్ధతిలో తీసివేతలు చేసిందని బయటపడింది. యంత్రం భాష మనిషి నేర్చుకుంటూ పోతే మనిషి లెక్కే తప్పుతుంది. మరి మనిషి భాష యంత్రానికి నేర్పితే? ఈ ప్రశ్న ఆమెను వదల్లేదు.

అప్పటి ప్రోగ్రాములలో తప్పులు ఎక్కువగా ఎక్కడ వస్తున్నాయో ఆమె గమనించారు. సైను విలువ కట్టే ముక్క, వర్గమూలం కట్టే ముక్క, ఇలాంటివి అందరికీ పదే పదే కావాలి. ఎవరైనా ఒకసారి సరిగ్గా రాసి ఉంటే తక్కినవాళ్ళు నోటుపుస్తకంలోంచి చూసి ఎత్తిరాసుకునేవారు. ఎత్తిరాయటంలో రెండు చిక్కులు. ఇంగ్లీషు బి అక్షరం కాస్త విడిపోతే 13 అవుతుంది, 4 అంకె వంకర తిరిగితే డెల్టా అవుతుంది. రెండోది ఇంకా పెద్దది. ఆ ముక్క మొదటి పుస్తకంలో సున్నా నంబరు చోటు నుంచి మొదలైంది. మన ప్రోగ్రాములో 300వ చోట పెట్టాలంటే దానిలోని ప్రతి చోటు నంబరుకూ 300 కలపాలి. ఒక్క కూడిక తప్పితే ప్రోగ్రాము మొత్తం తప్పు. చూసి రాయటం, కూడటం, ఈ రెండూ మనుషులు సరిగ్గా చెయ్యలేరు. కాని కంప్యూటరు చేసేదే ఆ రెండు పనులు.

ఈ మాట విన్నప్పుడు ఇంతేనా అనిపిస్తుంది. 1951-52లో అది అంత తేలిక కాదు. తన సహోద్యోగి బెట్టీ హోల్బర్టన్ రాసిన ఒక ప్రోగ్రాము తానే మరొక ప్రోగ్రాము తయారు చెయ్యటం చూసి హాపర్ ఉత్తేజం పొందారు. ఏ-0 అనే తన కంపైలరు రాశారు. అందులో ప్రతి ముక్కకూ ఒక పిలుపు నంబరు ఉంటుంది. ఏ ముక్కలు కావాలో, ఏ వరుసలో కావాలో మనం రాస్తే చాలు. యంత్రమే టేపు మీద నుంచి వాటిని వెతికి, చోటు నంబర్లు సరిచేసి, ఒకటిగా అతికిస్తుంది. 1952 మేలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన సదస్సులో ఆమె దీని మీద పత్రం చదివారు. చాలామంది నమ్మలేదు. కంప్యూటరు కూడికలు చేస్తుందే గాని ప్రోగ్రాములు రాయలేదని కొట్టిపారేశారు.

ఏ-0 తయారీలో ఒక చిక్కు వచ్చింది. ప్రోగ్రాములో వెనక్కి దూకమంటే సరే, ఆ చోటు ఎక్కడుందో తెలుసు. ముందుకు దూకమంటే ఎలా? ఆ ముక్క ఇంకా రానే లేదు, దాని చోటు ఎవరికీ తెలియదు. హాపర్‌కు కాలేజీలో ఆడిన బాస్కెట్‌బాల్ గుర్తుకు వచ్చింది. బంతి ఎవరికి చేరాలో వారు ఇంకా అక్కడికి రాకపోతే మధ్యలో ఒకరికి అందించి, వారి చేత అవతలికి పంపిస్తారు. అలాగే మెమరీ చివర ఒక మూల కేటాయించారు. ముందుకు దూకే ఆజ్ఞ వస్తే ప్రస్తుతానికి ఆ మూలకు దూకమంటారు. అసలు ముక్క వచ్చి తన చోట కూర్చున్నాక, ఆ మూలలో రెండో దూకుడు రాస్తారు.

ఈ రోజు మనం డెస్క్‌టాపు కంప్యూటరు మీద సి భాషలోనో, సి ప్లస్ ప్లస్ భాషలోనో ప్రోగ్రాము రాసినప్పుడు లింకరు చేసే పని దీని సంతానమే. మన ల్యాబులో తరచు వచ్చే ఫిర్యాదు ఒకటుంది. ఫైళ్ళన్నీ విడివిడిగా కంపైలు అవుతాయి, కలిపేటప్పుడు మాత్రం ఫలానా పేరు దొరకలేదని తిడుతుంది. చాలామంది అప్పుడు ప్రోగ్రాములో వాక్యాలన్నీ మొదటి నుంచి చదువుతారు. అక్కడ తప్పు ఉండదు. ముందుకు దూకమన్నాం, ఆ ముక్క రానే లేదు, అదీ సంగతి. పేరులో ఒక అక్షరం తేడా ఉండవచ్చు, ఆ ముక్క ఉన్న ఫైలును కలపమని చెప్పి ఉండకపోవచ్చు, లైబ్రరీ వేరే చోట ఉండవచ్చు. హాపర్ పడ్డ చిక్కు ఏమిటో తెలిస్తే ఆ ఎర్ర అక్షరాలు తిట్టులాగా కనపడవు, ఏది రాలేదో చెప్పే కబురులాగా కనపడతాయి.

తర్వాత ఆమె ఇంకో అడుగు వేశారు. వ్యాపార సంస్థల్లో పనిచేసే వాళ్ళకు గణిత చిహ్నాలు గిట్టవు, వాళ్ళకు మామూలు మాటలు కావాలి. అందుకని ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలు రాసే ఫ్లో-మాటిక్ అనే భాషను తన బృందంతో తయారు చేశారు. పై అధికారులకు చూపించటానికి అదే ప్రోగ్రామును ఫ్రెంచి మాటలతో, జర్మను మాటలతో కూడా రాసి నడిపించారు. అధికారులు మెచ్చుకోలేదు సరి కదా, బెదిరిపోయారు. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికా కంప్యూటరుకు ఫ్రెంచి, జర్మను రావటం అసంభవమని వాదించారు. ఇంగ్లీషు తప్ప వేరే భాష జోలికి పోనని ఆమె మాట ఇవ్వవలసి వచ్చింది. యంత్రానికి ఇంగ్లీషు ఎంతో ఫ్రెంచీ అంతే. ఏ మాటకు ఏ పని అన్న పట్టిక ఒక్కటే దానికి కావాలి. ఇంగ్లీషు సరిగ్గా రాదు కాబట్టి ప్రోగ్రామింగు మనకు రాదు అనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఫ్లో-మాటిక్ ఆధారంగానే చాలావరకు 1959లో కోబాల్ భాష రూపు దిద్దుకుంది. కోబాల్‌ను తయారు చేసింది ఒక కమిటీ. హాపర్ దానికి సలహాదారు. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును రెండు వేరు వేరు కంపెనీల యంత్రాల మీద నడిపి చూపించారు. ఒక యంత్రం కోసం రాసినది ఇంకో యంత్రం మీద నడవటం అప్పటికి అపురూపం.

1966 చివర నౌకాదళం ఆమెను వయసు కారణంగా విరమింపజేసింది. ఏడు నెలలకే, 1967 ఆగస్టులో, మళ్ళీ పిలిచింది. ఆరు నెలలకని వెళ్ళిన ఆమె దాదాపు పందొమ్మిదేళ్ళు ఉండిపోయారు. పిలిచిన కారణం ఏమిటంటే, కోబాల్ పేరు ఒక్కటే అయినా ఒక్కో కంపెనీ కంపైలరు ఒక్కో రకంగా ప్రవర్తిస్తోంది. ఇక్కడ నడిచింది అక్కడ నడవదు. ఎవరి కంపైలరు సరైనదో వాదించుకుంటూ కూర్చోకుండా, కంపైలర్లనే పరీక్షించే ప్రోగ్రాములు ఆమె బృందం రాసింది. మా ఇంట్లో నడిచింది, మీ ఇంట్లో ఎందుకు నడవదు అనే తగాదా ఈనాటికీ తీరలేదు. ఆ తగాదాకు పరీక్షే మందు అని ఆనాడే చూపించారు.

ఆమె పని అంతా మచ్చలేనిదని చెప్పలేం. కోబాల్‌లో మాటలు మరీ ఎక్కువని విమర్శించిన పండితులు ఉన్నారు. ఆ కాలపు ప్రోగ్రామర్లు మెమరీ ఖర్చుకు భయపడి సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాసేవారు. ఆ పొదుపే 2000 సంవత్సరం వచ్చేసరికి లోకమంతటికీ తలనొప్పి అయింది. పాత కోబాల్ ప్రోగ్రాములను వరుస వరుసగా చదివి సరిచేసే మనుషులు కావలసి వచ్చారు. 1990ల చివర హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని ఆ పని మీద అమెరికా వెళ్ళిన తెలుగు యువకులు ఎందరో. వాళ్ళలో పొలం గట్ల మీద నుంచి వెళ్ళినవాళ్ళు తక్కువేం కాదు.

వృద్ధాప్యంలో హాపర్ ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. పదకొండు ముప్పావు అంగుళాల పైచిలుకు తీగ ముక్కలు సంచిలో వేసుకుని వచ్చి విద్యార్థులకు పంచేవారు. సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో విద్యుత్తు అంతకు మించి పోలేదని, వృథా చేసే ప్రతి క్షణానికీ ఒక పొడవు ఉందని చూపించటానికి. ఆమె ఆఫీసులో గోడ గడియారం వెనక్కి తిరిగేది. ఇదివరకు ఇలాగే చేశాం కాబట్టి ఇలాగే చెయ్యాలి అనే వాదనకు అది ఆమె జవాబు. 1986 ఆగస్టు 14న, 79వ ఏట, బోస్టన్‌లో ఒక పాత యుద్ధనౌక మీద జరిగిన సభలో నౌకాదళం నుంచి విరమించారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆమె పేరు పెట్టిన యుద్ధనౌక ఒకటి 1997లో నౌకాదళంలో చేరింది. 2016లో అమెరికా ప్రభుత్వం మరణానంతరం అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చింది. 2017లో యేల్ విశ్వవిద్యాలయం ఒక కళాశాలకు ఆమె పేరు పెట్టింది.

ఇన్ని గౌరవాల మధ్య నాకు ఎక్కువగా గుర్తుండేది ఆ లాగు పుస్తకమే. మన ల్యాబు రికార్డులలో సరైన ప్రోగ్రాము, సరైన జవాబు మాత్రమే చక్కగా ఎత్తిరాస్తాం. ఆ జవాబు రాకముందు ఏ తప్పు వచ్చింది, ఎంతసేపు వెతికాం, ఎక్కడ దొరికింది అన్నది ఏ పేజీలోనూ ఉండదు. అందుకే నిరుడు మా సీనియర్లు పడిన తిప్పలే ఈ ఏడు మేమూ పడతాం, వచ్చే ఏడు జూనియర్లూ పడతారు. ప్రతి ల్యాబులో తలుపు పక్కన ఒక లావుపాటి పుస్తకం పెట్టి, దొరికిన ప్రతి తప్పునూ తారీకు వేసి అందులో రాయించమని మన అధ్యాపకులను, యూనియన్ మిత్రులను కోరుతున్నాను. పేర్లు రాయనక్కరలేదు. తప్పు ఏమిటో, దాన్ని ఎలా పట్టారో రాస్తే చాలు.